ఫ్యాక్టరీ మూతపడిన తర్వాత టెక్నాలజీ ఉద్యోగం వైపు: కార్మికులకు, కుటుంబాలకు, యూనియన్లకు ఒక సమగ్ర మార్గదర్శి

తెలుగు జిల్లాలకు ఫ్యాక్టరీల మూసివేత కొత్త సంగతి కాదు. 1934లో మొదలై వరంగల్‌ను పోషించిన ఆజంజాహి మిల్లు ఇప్పుడు లేదు. సనత్‌నగర్ ఆల్విన్, బాలానగర్ ఐడీపీఎల్ వంటి పేర్లు బస్‌స్టాపుల మీద, పాత పింఛను కాగితాల మీద మాత్రమే మిగిలాయి. ప్రతి మూసివేత తర్వాతా కార్మికులకు దొరికే సలహా ఒక్కటే: కంప్యూటర్ నేర్చుకోండి. ఆ సలహా ఇచ్చేవాళ్ల ఉద్దేశం మంచిదే అయినా, ఇరవై ఏళ్లు లేత్ మీద పనిచేసిన మనిషిని ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ పట్టభద్రుడితో ఒకే వరుసలో, అదీ చివర్లో, నిలబెట్టడమే దాని ఫలితం.

శిక్షణ ఇస్తే చాలు, పని దానంతట అదే దొరుకుతుందన్న నమ్మకాన్ని అనుభవం బలపరచలేదు. ఆర్థిక సంస్కరణల తర్వాత ఉపాధి కోల్పోయేవారి కోసం కేంద్రం 1992లో జాతీయ పునరుద్ధరణ నిధిని ఏర్పాటు చేసింది. ఆ డబ్బులో సింహభాగం స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే పోయింది, పునఃశిక్షణకు మిగిలింది కొద్దే. అమెరికాలోని జేన్స్‌విల్‌లో 2008 డిసెంబరులో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ ఆగిపోయాక, పని కోల్పోయిన వారిలో చాలామంది స్థానిక టెక్నికల్ కాలేజీలో చేరారు. తర్వాత లెక్కలు తీసి చూస్తే, చదువుకున్నవాళ్లు చదువుకోనివాళ్ల కంటే ఉద్యోగంలో గానీ జీతంలో గానీ ముందుకు వెళ్లలేదని తేలింది. అక్కడ లోపించింది శ్రద్ధ కాదు. చుట్టుపక్కల లేని ఉద్యోగాల కోసం, తమ చేతిలో ఉన్న విద్యతో సంబంధం లేని కోర్సులు చదవవలసి రావడమే అసలు చిక్కు.

అందువల్ల ఈ మార్గదర్శి ఒకే సూత్రం మీద నడుస్తుంది. మీ పనికి ఆనుకుని ఉన్న టెక్నాలజీలోకి ఒక్క అడుగు పక్కకు వేయండి, మొదటి మెట్టుకు దిగిపోకండి. పదో తరగతి గానీ ఐటీఐ గానీ చదివి, ఫిట్టర్‌గా, టర్నర్‌గా, ఎలక్ట్రీషియన్‌గా, ఆపరేటర్‌గా, క్వాలిటీలోనో స్టోర్స్‌లోనో కొన్నేళ్లు పనిచేసిన 28 నుంచి 50 ఏళ్ల వారిని దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

మొదటి దశ: సంతకం పెట్టే ముందు

శిక్షణ గురించిన ఆలోచన కంటే ముందు కాగితాల పని ఉంది. యాజమాన్యం మీ ముందు పెట్టే కాగితం రాజీనామా పత్రమా, రిట్రెంచ్‌మెంట్ (యజమానే పనిలోంచి తొలగించడం) నోటీసా, వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) దరఖాస్తా అన్నది నిదానంగా చదవాలి. “రాజీనామా రాసిస్తే సెటిల్‌మెంట్ త్వరగా అవుతుంది” అని హెచ్‌ఆర్ ఆఫీసులో చెప్పే మాట చాలామంది విన్నదే. రాజీనామా మీద సంతకం పడిన క్షణం నుంచి చట్టం దృష్టిలో మిమ్మల్ని ఎవరూ తొలగించలేదు, మీరే వెళ్లిపోయారు. దానితో తొలగింపు పరిహారం పోతుంది, కింద చెప్పబోయే ఈఎస్‌ఐ నిరుద్యోగ భత్యం, పునర్నైపుణ్య నిధి సొమ్ము కూడా పోతాయి.

రిట్రెంచ్ అయిన కార్మికుడికి పూర్తయిన ప్రతి సంవత్సరం సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి, ఒక నెల నోటీసు గానీ నోటీసు బదులు జీతం గానీ ఉండాలి. ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వేరుగా వస్తుంది. దీని లెక్క చివరి బేసిక్, డీఏలను 26తో భాగించి, 15తోనూ సర్వీసు సంవత్సరాలతోనూ గుణించడం. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో పునర్నైపుణ్య నిధి అనే కొత్త అంశం ఉంది. తొలగించిన ప్రతి కార్మికుడి పేరిట యజమాని 15 రోజుల చివరి వేతనాన్ని ఆ నిధికి జమచేయాలి, ఆ మొత్తం తొలగింపు జరిగిన 45 రోజుల లోపు కార్మికుడి ఖాతాలో పడాలి.

ఉదాహరణకు నెలకు 18,000 రూపాయల వేతనంతో 16 ఏళ్లు పనిచేసిన ఒక ఫిట్టర్‌ను తీసుకుందాం. గ్రాట్యుటీ సుమారు 1,66,000 అవుతుంది. నెలను 30 రోజులుగా లెక్కిస్తే పరిహారం 1,44,000 అవుతుంది. పునర్నైపుణ్య నిధి నుంచి వచ్చేది 9,000. శిక్షణ పేరుతో చట్టం ఇస్తున్నది ఈ మొత్తంలో ఎంత చిన్న ముక్కో చూడండి. ఆ తొమ్మిది వేలతో ఏ కోర్సూ పూర్తికాదు కాబట్టి, మిగతా సొమ్మును ఎలా విడగొడతారన్నదాని మీదే శిక్షణ ఆధారపడి ఉంటుంది.

ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారు బ్రాంచి ఆఫీసుకు వెళ్లి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన గురించి తప్పక అడగాలి. ఫ్యాక్టరీ మూతపడడం వల్ల గానీ రిట్రెంచ్‌మెంట్ వల్ల గానీ పని పోయిన బీమాదారులు, నిర్ణీత కాలం చందా చెల్లించి ఉంటే, 24 నెలల వరకు భత్యం పొందవచ్చు. మొదటి 12 నెలలు సగటు వేతనంలో సగం, తర్వాతి 12 నెలలు పావు వంతు వస్తుంది. ఆ కాలమంతా కుటుంబానికి వైద్యం కొనసాగుతుంది, ఆమోదించిన సంస్థలో వృత్తి శిక్షణ తీసుకుంటే ఫీజు, ప్రయాణ ఖర్చులు ఇచ్చే ఏర్పాటు కూడా ఈ పథకంలో ఉంది. పైన చెప్పిన ఫిట్టర్‌కు ఇది మొదటి ఏడాది నెలకు దాదాపు 9,000 రూపాయలు. వీఆర్‌ఎస్ తీసుకున్నవారికి ఈ భత్యం వర్తించదు. వీఆర్‌ఎస్ ప్యాకేజీ అంకెను రిట్రెంచ్‌మెంట్ అంకెతో పోల్చి చూసేటప్పుడు ఈ రెండేళ్ల భత్యాన్ని, వైద్యాన్ని కూడా లెక్కలో వేయాలి.

పీఎఫ్ విషయంలో ఒక జాగ్రత్త చాలు. ఉద్యోగుల పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలవారీ పింఛనుకు అర్హత వస్తుంది. ఏడెనిమిదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు తొందరపడి పింఛను భాగాన్ని వెనక్కి తీసుకుంటే ఆ ఏళ్లు లెక్కలోంచి పోతాయి. దాని బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, కొత్త ఉద్యోగంలో వచ్చే సర్వీసు పాతదానికి కలుస్తుంది.

రెండో దశ: ఎన్ని నెలల ఊపిరి ఉంది?

చేతికి వచ్చిన సెటిల్‌మెంట్ డబ్బుకు ఇంట్లో అప్పటికే పది పేర్లు రాసిపెట్టి ఉంటాయి. పాత అప్పు, ఆడపిల్ల పెళ్లి, కొడుకు బీటెక్ ఫీజు, ఆగిపోయిన స్లాబు. వీటిలో ఏదీ అనవసరమైనది కాదు కాబట్టే ఆ డబ్బు శిక్షణ పూర్తయ్యేదాకా నిలవదు. ఇంటి నెల ఖర్చు ఎంతో రాసుకుని, భార్యాభర్తల్లో మరొకరి సంపాదన, ఈఎస్‌ఐ భత్యం తీసేసి, మిగిలిన లోటుతో సెటిల్‌మెంట్ మొత్తాన్ని భాగిస్తే ఎన్ని నెలలు నడవగలమో తెలుస్తుంది. ఆ సంఖ్య ఆరు కంటే తక్కువైతే పూర్తికాలపు కోర్సు మీకు తగదు. ఏదో ఒక పనిలో చేరి, సాయంత్రం బ్యాచ్‌లో గానీ ఆదివారం బ్యాచ్‌లో గానీ నేర్చుకునే దారి వెతుక్కోవాలి. ఆరు నుంచి పన్నెండు ఉంటే మూడు నాలుగు నెలల పూర్తికాలపు కోర్సు తీసుకోవచ్చు. పన్నెండు దాటితే ఏడాది కోర్సు గురించి ఆలోచించవచ్చు. అప్పు చేసి కోర్సులో చేరడం మాత్రం ఏ లెక్కలోనూ సరిపడదు.

“మళ్లీ తెరుస్తారట” అన్న ఆశ గురించి కూడా ఇక్కడే మాట్లాడుకోవాలి, ఎందుకంటే అది ఒక్కోసారి నిజమవుతుంది. కాగజ్‌నగర్‌లో 2014లో ఆగిపోయిన సిర్పూర్ పేపర్ మిల్లును 2018లో కొత్త యాజమాన్యం తెరిచింది. రామగుండంలో 1999లో మూతపడిన ఎరువుల ఫ్యాక్టరీ స్థానంలో కొత్త ప్లాంటు 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మొదటిదానికి నాలుగేళ్లు, రెండోదానికి 22 ఏళ్లు పట్టింది. పైగా తెరిచిన ప్లాంటులో కంట్రోల్ రూమ్ కొత్తది, యంత్రాలు కొత్తవి, కావలసిన మనుషుల సంఖ్య తక్కువ. తెరుస్తారని నమ్మేవారికీ తెరవరని నమ్మేవారికీ నేర్చుకోవలసినది ఒకటే కాబట్టి, ఆ వాదన తేలేదాకా ఆగవలసిన పని లేదు.

మూడో దశ: మీకు తెలిసినదేమిటో కాగితం మీద పెట్టండి

హోదా రాయకండి, పని రాయండి. “సీనియర్ ఆపరేటర్, 14 సంవత్సరాలు” అంటే కొత్త యజమానికి ఏమీ అర్థం కాదు. ఏ కంపెనీ యంత్రం మీద పనిచేశారు, దాని ప్యానెల్ ఏది, ఏ కొలత పరికరాలు వాడారు, ఎంత టాలరెన్స్‌లో (కొలతలో అనుమతించే తేడాలో) పని తీశారు, ఏ బ్రేక్‌డౌన్‌లను మెకానిక్ రాకముందే మీరు సరిచేశారు, ఎవరికి పని నేర్పారు అన్నవి విడివిడిగా రాయాలి. ఒక్కరే కూర్చుంటే ఇది సాగదు. ఎందుకంటే రోజూ చేసే పనిని నైపుణ్యమని ఎవరూ అనుకోరు. అదే షిఫ్టులో పనిచేసిన ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి గురించి ఒకరు చెప్పుకుంటూ రాస్తే రెండు పేజీలు నిండుతాయి.

ఇలా రాసిన తర్వాత సర్టిఫికెట్ల లోటు బయటపడుతుంది. ఐటీఐ చేయకుండా పని నేర్చుకున్నవారికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద పూర్వ నైపుణ్యాల గుర్తింపు. ఇది కొద్దిపాటి పరిచయ శిక్షణ, ఆ తర్వాత పరీక్ష, సర్టిఫికెట్. రెండోది, అనుభవం ఆధారంగా ప్రైవేటు అభ్యర్థిగా ఐటీఐ ట్రేడ్ పరీక్ష రాయడం. మొదటిది త్వరగా వస్తుంది, రెండోది ఎక్కువ చోట్ల చెల్లుతుంది. కుదిరితే రెండోదానికే వెళ్లడం మంచిది.

నాలుగో దశ: పక్క అడుగు ఏది?

ఎలక్ట్రీషియన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ మార్పు అందరికంటే తేలికగా జరిగేది వారికే. మోటారును నేరుగా లైనుకు కలిపే డీఓఎల్ స్టార్టర్ వైరింగ్ చేసిన ఎవరికైనా స్టార్ట్ బటన్ ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది) అనీ, స్టాప్ బటన్ ఎన్‌సీ (నొక్కితే తెగేది) అనీ, బటన్ వదిలిన తర్వాత కాంటాక్టర్ (కరెంటును కలిపే స్విచ్) పట్టి ఉండాలంటే దాని ఆక్సిలరీ కాంటాక్ట్‌ను స్టార్ట్ బటన్‌కు ప్యారలల్‌గా కలపాలనీ తెలుసు. పీఎల్‌సీ అంటే యంత్రాలను ప్రోగ్రామ్ ప్రకారం నడిపించే చిన్న కంప్యూటర్. దాని శిక్షణలో లాడర్ లాజిక్ (నిచ్చెన ఆకారంలో గీసే ప్రోగ్రామ్) మొదటి పాఠం సరిగ్గా ఇదే సర్క్యూటు. తీగల బదులు తెరమీద గీతలు ఉంటాయి, అంతే తేడా. మొదటి వారంలో అందరూ తడబడే చోటు ఒకటుంది. స్టాప్ బటన్ బయట ఎన్‌సీగా వైర్ చేసి ఉంటుంది కాబట్టి, దాన్ని ఎవరూ నొక్కనప్పుడు పీఎల్‌సీ ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉంటుంది. అందువల్ల ప్రోగ్రామ్‌లో దాన్ని ఎన్‌ఓ గుర్తుతో గీయాలి. వైరింగ్ డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఎన్‌సీ గుర్తు పెడితే మోటారు అసలు స్టార్టే కాదు. స్టాప్ బటన్‌ను బయట ఎన్‌సీగానే ఎందుకు ఉంచాలి అని అడిగితే, తీగ తెగితే మోటారు ఆగిపోవాలి గనుక అని ఎలక్ట్రీషియన్ వెంటనే చెబుతాడు. పుస్తకంలో మాత్రమే చదివినవాళ్లకు ఈ జవాబు తట్టడానికి సమయం పడుతుంది. టెక్నాలజీ ఉద్యోగంలో మీ అనుభవానికి విలువ ఉండే చోటు ఇలాంటిదే.

పీఎల్‌సీ తర్వాత వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే పరికరాలు), సెన్సర్లు, హెచ్‌ఎంఐ తెరలు (ఆపరేటర్ యంత్రాన్ని నడిపే తెరలు), స్కాడా (ప్లాంటు మొత్తాన్ని ఒకచోటి నుంచి గమనించే సాఫ్ట్‌వేర్) వరుసగా వస్తాయి. ఔషధ కంపెనీలు, ఆహార పరిశ్రమలు, నీటిశుద్ధి కేంద్రాలు, లిఫ్టు కంపెనీలు, పెద్ద భవనాల నిర్వహణ, డేటా సెంటర్ల యూపీఎస్, జనరేటర్, చిల్లర్ విభాగాలు, వీటన్నిటిలోనూ ఈ పరిజ్ఞానం అడుగుతారు. డేటా సెంటర్ల గురించి పత్రికల్లో వచ్చే పెట్టుబడి అంకెలు చూసి ఉద్యోగాల సంఖ్యను ఊహించుకోవద్దు. అవి కట్టేటప్పుడు ఎక్కువమందికి, నడిచేటప్పుడు కొద్దిమందికి పని ఇస్తాయి.

టర్నర్లు, మెషినిస్టులు సీఎన్‌సీ (కంప్యూటర్ కోడ్‌తో నడిచే కోత యంత్రాలు) వైపు వెళ్లాలి. సీఎన్‌సీ ఆపరేటర్ కావడం తేలిక, కానీ జీతం తక్కువ. ప్రోగ్రామర్, సెట్టర్ స్థాయిని లక్ష్యంగా పెట్టుకోవాలి. “జీ01 ఎక్స్40 జెడ్-25 ఎఫ్0.2” అన్న లైను చూసి భయపడవలసింది లేదు. 40 మిల్లీమీటర్ల వ్యాసం మీద 25 మిల్లీమీటర్ల పొడవునా, చుట్టుకు 0.2 మిల్లీమీటరు ఫీడ్‌తో సరళరేఖలో కోయమని దాని అర్థం. అదే వ్యాసానికి నిమిషానికి 120 మీటర్ల కటింగ్ స్పీడు కావాలంటే స్పిండిల్ దాదాపు 955 ఆర్‌పీఎంలో తిరగాలి. ఈ లెక్క టర్నర్‌కు కొత్తది కాదు. టూల్ అరిగినప్పుడు శబ్దం ఎలా మారుతుందో, చిప్ రంగు ఏం చెబుతుందో, సన్నని జాబ్‌ను ఎక్కడ పట్టుకుంటే వంగదో కోడ్‌లో రాసి ఉండదు. ఆ యంత్రానికి ఆదేశాలిచ్చే జీ-కోడ్, ఎం-కోడ్ నేర్చుకోవడానికి వారాలు పడతాయి, ఆ చెవి రావడానికి ఏళ్లు పడతాయి. ఏళ్ల పని మీరు ఇప్పటికే పూర్తిచేశారు. కోడ్ తర్వాత, డ్రాయింగ్ నుంచి ఆ కోడ్‌ను తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్ ఒకటి కూడా నేర్చుకుంటే బాలానగర్, చర్లపల్లి టూల్ రూముల్లోనూ, ఆదిభట్ల వైమానిక విడిభాగాల యూనిట్లలోనూ అడగగల స్థితి వస్తుంది.

మిగతావారి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్లకు సీఎంఎం (కంప్యూటర్‌తో కొలిచే) యంత్రాల మీద కొలతలు తీయడం, జీడీ అండ్ టీ (డ్రాయింగ్‌లో ఆకారపు తేడాల గుర్తులు) చదవడం దగ్గరి దారి. ఫిట్టర్లకు న్యూమాటిక్స్ (గాలి పీడనంతో నడిచేవి), హైడ్రాలిక్స్ (నూనె పీడనంతో నడిచేవి), రోబో సెల్స్ (రోబోలు పనిచేసే విభాగాలు) మెయింటెనెన్స్ తగినవి. స్టోర్స్, డిస్పాచ్‌లో పనిచేసినవారు ఈఆర్‌పీ (కంపెనీ సరుకు, లెక్కలు చూసే) సాఫ్ట్‌వేర్, బార్‌కోడ్ ఆధారిత గోదాము నిర్వహణ వైపు వెళ్లవచ్చు. ఆటో విడిభాగాల లైన్లలో పనిచేసినవారికి విద్యుత్ వాహనాల సర్వీసు, బ్యాటరీ ప్యాక్ అసెంబ్లీ ఉన్నాయి. గార్మెంట్ లైన్లలో పనిచేసిన మహిళలకు శ్రీసిటీ, కొంగరకలాన్ వంటి చోట్ల ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీలో అవకాశాలున్నాయి. అయితే స్క్రూలు బిగించే లైన్‌లోనే ఉండిపోకుండా, ఎస్‌ఎంటీ లైన్‌లో (సర్క్యూట్ బోర్డుల మీద భాగాలు అతికే చోట) భాగాలను పెట్టే పిక్ అండ్ ప్లేస్ యంత్రం సెట్టింగు, వాటిని టంకం వేసే రీఫ్లో ఓవెన్ ఉష్ణోగ్రత ప్రొఫైల్, కెమెరాతో లోపాలు పట్టే యంత్రం, ఈ మూడింటిలో ఒకదానికి మారాలని మొదటి నుంచీ అడుగుతూ ఉండాలి. సోలార్ ఇన్‌స్టలేషన్ కూడా ఎలక్ట్రీషియన్లకు దగ్గరిదే, కానీ నలభై ఐదు దాటినవారు రోజంతా ఎండలో కప్పు మీద పనిచేయగలమా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

పని నేర్పడం ఇష్టమున్నవారికి మరో దారి ఉంది. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో ఏడాది పాటు సాగే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ పొందితే ఐటీఐల్లో బోధించడానికి అర్హత వస్తుంది. షాపు ఫ్లోర్ చూసిన బోధకుల కొరత ఐటీఐల్లో ఎప్పుడూ ఉన్నదే.

కోడింగ్ సంగతేమిటని అడిగేవాళ్లుంటారు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవద్దని ఎవరూ అనరు. ఇంట్లో ఉన్న ఫోన్‌తోనో పాత ల్యాప్‌టాప్‌తోనో, పైసా ఖర్చు లేకుండా, ఒక నెల రోజులు పైథాన్ పాఠాలు చేసి చూడండి. నెల తర్వాత కూడా రాత్రి పదింటికి దాని ముందు కూర్చోవాలనిపిస్తే అప్పుడు ముందుకు వెళ్లండి. అలా అనిపించకపోతే ఫీజు కట్టి చేరినా అనిపించదు.

ఐదో దశ: కోర్సుకు ముందు ఆరు వారాలు

శిక్షణ మధ్యలో మానేసేవారిలో ఎక్కువమందిని వెనక్కి లాగేది ఆ విషయం కాదు, దాని కింద ఉండవలసిన పునాది. కంప్యూటర్‌లో ఫైలును ఎక్కడ దాచామో తెలియడం, ఎక్సెల్‌లో కూడిక, సగటు వేయడం, ఈమెయిల్‌కు కాగితం జతచేసి పంపడం ముందే వచ్చి ఉండాలి. దశాంశాలు, నిష్పత్తులు, త్రికోణమితిలో సైన్, కాస్ వరకు ఒకసారి తిరగేయాలి. ఇందుకు ఇంటర్ చదివే మీ పిల్లలే సరిపోతారు. పిల్లల దగ్గర నేర్చుకోవడానికి కొందరు నామోషీ పడతారు గానీ, ఇంతకంటే చవకైన ట్యూషన్ దొరకదు.

ఇంగ్లిషు అంటే భయపడేవారు స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరకముందు ఒక చిన్న పని చేయాలి. ఏదో ఒక వీఎఫ్‌డీ మాన్యువల్‌ను ఇంటర్నెట్ నుంచి దింపుకుని, చివర్లో ఉండే ఫాల్ట్ కోడ్‌ల పేజీని తీయండి. ఓవర్‌కరెంట్, ఎర్త్ ఫాల్ట్, ఓవర్‌వోల్టేజ్, ర్యాంప్ టైమ్ వంటి మాటలు అక్కడ వరుసగా ఉంటాయి. రోజుకు ఐదు కోడ్‌ల చొప్పున నోటుపుస్తకంలో ఎడమవైపు ఇంగ్లిషులో, కుడివైపు “ఇది వస్తే నేను ముందు ఏం చూస్తాను” అని తెలుగులో రాయండి. ఫ్యాక్టరీ టెక్నీషియన్‌కు మొదటి ఏడాది కావలసిన ఇంగ్లిషులో చాలా భాగం ఆ పేజీల్లోనే ఉంది.

ఆరో దశ: శిక్షణ సంస్థను ఎంచుకోవడం

హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థలకు లోటు లేదు, వాటి గురించి తెలిసినవారు తక్కువ. బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ సీఎన్‌సీ, క్యాడ్-క్యామ్, ఆటోమేషన్‌లలో స్వల్పకాలిక కోర్సులు నడుపుతుంది. రామంతాపూర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ ఎలక్ట్రానిక్స్, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్ కోసమే పుట్టింది, విద్యానగర్‌లో మరొకటి ఉంది. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేసింది. పారిశ్రామిక రోబోటిక్స్, ప్రాసెస్ ఆటోమేషన్, అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ, విద్యుత్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు వీటిలో ఉన్నాయి. ఏడాది, రెండేళ్ల కోర్సులు ప్రధానంగా విద్యార్థుల కోసం కాబట్టి, స్వల్పకాలిక కోర్సుల గురించి ప్రిన్సిపాల్‌ను నేరుగా అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కేంద్రాలు, అచ్యుతాపురం దగ్గరి పూడిలో ఎంఎస్ఎంఈ టెక్నాలజీ సెంటర్, ప్లాస్టిక్స్ రంగం వారికి విజయవాడ సిపెట్ చూడదగినవి.

ప్రైవేటు సంస్థలో చేరాలనుకుంటే బ్రోచర్ చదవవద్దు, ల్యాబ్ చూడండి. ఒక పీఎల్‌సీ కిట్‌కు ఎంతమంది కూర్చుంటున్నారో లెక్కపెట్టండి, నలుగురు దాటితే మీ చేతికి అది అందదు. నడుస్తున్న తరగతిలో అరగంట కూర్చోనివ్వమని అడగండి, వద్దంటే కారణం అర్థం చేసుకోవచ్చు. క్రితం బ్యాచ్‌లో మీ వయసువాళ్లు ఎవరైనా ఉంటే వారితో మాట్లాడించమనండి. ఫీజును రెండు మూడు వాయిదాల్లో తీసుకునే చోటునే ఎంచుకోండి. “నూరు శాతం ప్లేస్‌మెంట్” అన్న మాట రాసిచ్చే సంస్థ ఉండదు, నోటితో చెప్పే సంస్థలకు లెక్కలేదు.

అమీర్‌పేట గురించి ఒక మాట. అక్కడ మంచి బోధకులు ఉన్నారు, తక్కువ ఫీజుకు దొరుకుతారు కూడా. కానీ కోర్సుతో పాటు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు కూడా ఇస్తామనేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయాలి. కంపెనీలు ఇప్పుడు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) సర్వీసు చరిత్ర చూస్తాయి. మీరు ఏ నెలలో ఏ ఫ్యాక్టరీలో పనిచేశారో పీఎఫ్ రికార్డులో ఉండగా, అదే నెలలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేశానని చెప్పడం కుదరదు.

ఏడో దశ: నేర్చుకుంటున్న కాలం

తరగతిలో కిట్ ముందు కూర్చునే సమయం ఎప్పుడూ సరిపోదు. పీఎల్‌సీకి ఓపెన్‌పీఎల్‌సీ, కోడెసిస్ వంటి సాఫ్ట్‌వేర్లు, డ్రాయింగ్‌కు ఫ్రీక్యాడ్ ఉచితంగా దొరుకుతాయి. పాత ల్యాప్‌టాప్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంటే చాలావరకు సాధన చేయవచ్చు. అభ్యాసాలను పుస్తకం నుంచి కాకుండా మీ పాత ఫ్యాక్టరీ నుంచి తీసుకోండి. మీరు నడిపిన కన్వేయర్, బాయిలర్ ఫీడ్ పంపు, ప్యాకింగ్ యంత్రం ఏ క్రమంలో స్టార్టయ్యేవో, ఏ ఇంటర్‌లాక్ (ప్రమాదం జరగకుండా ఆపే ఏర్పాటు) పడితే ఆగేవో గుర్తుచేసుకుని ప్రోగ్రామ్ రాయండి. అలాంటివి మూడు నాలుగు పూర్తిచేసి ఉంచుకుంటే, ఇంటర్వ్యూలో చూపడానికి సర్టిఫికెట్ కంటే బాగా పనికొస్తాయి.

ఎనిమిదో దశ: మొదటి ఉద్యోగం

రెజ్యూమె ఒక్క పేజీ దాటకూడదు. మూడో దశలో రాసుకున్న కాగితం ఇక్కడ అక్కరకు వస్తుంది. “మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను” అనే బదులు, “స్పిన్నింగ్ విభాగంలో 40 మోటార్ల ప్యానెళ్లు చూశాను, రాత్రి షిఫ్టులో బ్రేక్‌డౌన్లకు ఒక్కడినే బాధ్యుణ్ని” అన్న రీతిలో, నిజంగా చేసినదాన్ని అంకెలతో రాయాలి.

పెద్ద కంపెనీ గేటు దగ్గర మొదలుపెట్టవద్దన్నది నా అభిప్రాయం. బాలానగర్, చర్లపల్లి, కుషాయిగూడ ప్రాంతాల్లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే చిన్న యూనిట్లు, ఫ్యాక్టరీలకు ఆటోమేషన్ చేసిపెట్టే సంస్థలు ఉన్నాయి. అక్కడ జీతం తక్కువ, సైట్ల మీద తిరగడం ఎక్కువ. కానీ ఏడాదిలో పది రకాల ప్లాంట్లు, నాలుగైదు కంపెనీల పీఎల్‌సీలు చేతిలోంచి పోతాయి. పెద్ద ప్లాంటులో ఐదేళ్లున్నా ఇన్ని చూడలేరు. వయసు గురించి అడిగితే దాటవేయకండి, రాత్రి రెండింటికి లైన్ ఆగితే కంగారుపడకుండా కారణం వెతికే అలవాటు ఉందని మీ అనుభవంలోంచి ఒక సంఘటనతో చెప్పండి. మొదటి జీతం పాత జీతం కంటే తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువ కాబట్టి, రెండో దశలో వేసిన నెలల లెక్కలో ఈ తేడాను ముందే కలుపుకోవాలి. కాంట్రాక్టర్ ద్వారా చేరితే మొదటి నెల జీతం తర్వాత పీఎఫ్, ఈఎస్‌ఐ జమ అయ్యాయో లేదో ఫోన్‌లో చూసుకోవాలి, మూడు నెలలు ఆగి చూడకూడదు.

యూనియన్లు ముందే చేయగలిగినవి

పైన చెప్పిన దశలన్నీ ఒక్కో మనిషి ఒంటరిగా చేయడం కంటే, మూసివేతకు ముందే అందరూ కలిసి మొదలుపెట్టడం ఎంతో తేలిక. 300 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీ మూసివేతకు 90 రోజుల ముందు ప్రభుత్వ అనుమతి కోరాలి. 50 మంది గానీ అంతకు మించి గానీ ఉండి, 300కు లోపల ఉన్నవాటికి 60 రోజుల నోటీసు ఉంటుంది. ఈ గడువు సాధారణంగా ధర్నాలకు, పరిహారం బేరానికి ఖర్చవుతుంది. అవి అవసరమే. బేరంలో డబ్బుతో పాటు మరికొన్నిటిని కూడా కలపవచ్చు. నోటీసు కాలంలో వారానికి రెండు రోజులు జీతంతో శిక్షణకు వదలడం, పనిలేకుండా ఉన్న యంత్రాలను, శిక్షణ గదిని సాయంత్రం వాడుకోనివ్వడం, చుట్టుపక్కల కంపెనీల హెచ్‌ఆర్ అధికారులను ఫ్యాక్టరీలోకే పిలిచి ట్రేడ్ టెస్టులు పెట్టించడం వంటివి యాజమాన్యానికి పెద్ద ఖర్చు కానివి, కాబట్టి ఒప్పుకునే అవకాశం ఉన్నవి.

వీటన్నిటికంటే ముందు సర్వీస్ సర్టిఫికెట్ సంగతి తేల్చుకోవాలి. పేరు, హోదా, చేరిన తేదీ, వెళ్లిన తేదీ మాత్రమే ఉన్న సర్టిఫికెట్ ఎందుకూ కొరగాదు. పనిచేసిన విభాగం, నడిపిన యంత్రాల పేర్లు, వాటి కంట్రోలర్లు, పొందిన అంతర్గత శిక్షణలు అందులో ఉండేలా ఒక నమూనాను యూనియనే తయారుచేసి, ప్రతి విభాగం సూపర్‌వైజర్‌తో సరిచూపించి, యాజమాన్యం సంతకం, ముద్ర వేయించాలి. గ్రాట్యుటీ, పీఎఫ్ కాగితాల నకళ్లు కూడా అదే ఫైలులో పెట్టించాలి. ఇదంతా సిబ్బంది వ్యవహారాల విభాగంలో గుమాస్తాలు ఇంకా కుర్చీల్లో ఉండగానే పూర్తికావాలి. లిక్విడేటర్ (మూతపడిన కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే అధికారి) వచ్చి గేటుకు తాళం వేశాక, బీరువాలో ఉన్న రికార్డు కోసం కూడా అర్జీ పెట్టుకుని నెలల తరబడి తిరగవలసి వస్తుంది.